రిలీవింగ్ లెటర్ చూపించి ఆడించే పరిశ్రమ

రాయదుర్గం_మెట్రో

వారానికి 70 గంటలు పని చేయాలా 90 గంటలా అని మన ఐటీ వాళ్లు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. 2023 అక్టోబరులో నారాయణమూర్తి గారు 70 అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90కి వెళ్లారు, ఆదివారాలు కూడా పని చేయించుకోలేకపోతున్నందుకు బాధగా ఉందన్నారు, ఇంట్లో కూర్చుని పెళ్లాం మొహం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. మనం మీమ్స్ వేసుకుని నవ్వుకున్నాం, మర్నాడు పొద్దున మళ్లీ స్వైప్ చేసి లోపలికి వెళ్లాం.

నాకు ఆ గంటల గోల మీద పెద్ద ఆసక్తి లేదు. గంటల గురించి మాట్లాడే పెద్దమనిషి కనీసం తన మనసులో మాట పైకి చెప్తున్నాడు. మన మీద అసలు పట్టు ఉన్నది కాగితాల్లో. 90 రోజుల నోటీసు, మానేశాక పాత కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ లెటర్, ఇన్నేళ్ల లోపు మానేస్తే డబ్బు కట్టాలనే బాండ్, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. ఇవి లేకపోతే రాత్రి పదకొండింటికి కాల్ పెట్టే మేనేజర్ ఒక్క క్షణం ఆలోచిస్తాడు, ఎందుకంటే నచ్చకపోతే వచ్చే నెల వెళ్లిపోగలిగేవాడితో మాట్లాడే తీరే వేరు.

నోటీసు సంగతే చూడండి. నేను మానేస్తే 90 రోజులు ఉండాలి, డబ్బు కట్టి ముందే వెళ్తానన్నా మేనేజర్ దయ తలచాలి. వాళ్లు నన్ను తీసేయాలనుకుంటే మాత్రం నోటీసు జీతం, అది కూడా చాలాచోట్ల బేసిక్ మీదే, లెక్కగట్టి అదే రోజు సాయంత్రం ల్యాప్‌టాప్ తీసుకుంటారు. అవతల కొత్త కంపెనీవాడు ‘ఇమీడియట్ జాయినర్స్ ఓన్లీ’ అని బోర్డు పెడతాడు. అందుకే చేతిలో ఆఫర్ లేకుండానే ముందు రిజైన్ చేసి, నౌక్రీ సైటులో ‘సర్వింగ్ నోటీస్’ అని పెట్టుకుని వెతుక్కుంటున్నారు జనం. ఇంటి ఈఎంఐ నెత్తిమీద ఉన్నవాడు ఆ సాహసం చేయగలడా? చేయలేడు. అలాంటివాడే వాళ్లకి కావాలి.

పాతకాపు

నేను డెలివరీ సైడు, అంటే క్లయింటు ప్రాజెక్టు పని చేయించేవాణ్ణి. నాణేనికి అటువైపు ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి తిట్టించుకోవడానికి నేనే వస్తున్నా.

90 రోజులు ఎవరో కూర్చుని కక్షతో పెట్టింది కాదు. క్లయింటుతో చేసుకున్న ఒప్పందంలో ఫలానా మనుషులు మారాలంటే ముందుగా చెప్పాలని, వచ్చే మనిషికి నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ మా ఖర్చుతోనే జరగాలని ఉంటుంది. 2022 గుర్తుందా? ఆ జూన్ క్వార్టర్‌కి ఇన్ఫోసిస్‌లో అట్రిషన్ 28.4 శాతం. ఏడాదిలో నలుగురిలో ఒకరికంటే ఎక్కువ మంది వెళ్లిపోయినట్టు. ఆ రోజుల్లో ఒక్కొక్కడి దగ్గర ఐదేసి ఆఫర్లు. జాయినింగ్ రోజు పొద్దున వెల్‌కమ్ కిట్ టేబుల్ మీద పెట్టి ఫోన్ చేస్తే స్విచాఫ్. మా టీములో ఒక మాడ్యూల్ మొత్తం తెలిసిన అమ్మాయి వెళ్లిపోతే, మిగిలిన ఇద్దరూ రెండు నెలలు శనివారాలు వచ్చారు. ఆ ఇద్దరి బాధ గురించి ఎవరూ థ్రెడ్ పెట్టరు.

మార్కెట్ మీ చేతిలో ఉన్నప్పుడు మీరూ అంతే. ఇప్పుడు మార్కెట్ తిరగబడింది కాబట్టి నీతులు గుర్తొచ్చాయి.

రాయదుర్గం_మెట్రో

పాతకాపు గారూ, క్లయింటుతో మీరు చేసుకున్న ఒప్పందానికి నేనెందుకు పూచీ పడాలి? ఒక మాడ్యూల్ ఒక్క మనిషికే తెలిసేలా టీము నడిపింది ఎవరు? ఇద్దరికి నేర్పిస్తే బిల్లింగ్, అంటే క్లయింటు ఇచ్చే డబ్బు, ఒక్కరికే వస్తుందని ఆగిపోయారు. ఆ మిగిల్చిన డబ్బు మీది, శనివారాలు మాత్రం ఆ పిల్లలవి.

బెంచి_మీద_బాలుడు

మీరంతా వెళ్లడం గురించి మాట్లాడుతున్నారు, నన్ను వెళ్లగొట్టేలా ఉన్నారు అన్నా.

2025 జూన్‌లో టీసీఎస్ పాలసీ వచ్చింది కదా, ఏడాదికి 225 రోజులు బిల్లింగ్‌లో ఉండాలి, బెంచి మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, 35 రోజులు దాటకూడదు అని. నేను అక్కడ కాదు, కానీ పెద్దవాళ్లు ఏం చేస్తే మాలాంటి మధ్యతరహా కంపెనీలు రెండు నెలల్లో అదే చేస్తాయి. మా దగ్గర ఇప్పుడు బెంచిలో ఉన్నా రోజూ ఆఫీసుకి రావాలి, ఇంటర్నల్ కోర్సులు చేయాలి, ప్రాజెక్టు మనమే వెతుక్కోవాలి. నేను జావా. వచ్చిన రెండు అవకాశాల్లో ఒకటి మెయిన్‌ఫ్రేమ్, ఇంకోటి పుణెలో సపోర్టు, నైట్ షిఫ్టు. వద్దంటే ‘రిఫ్యూజ్డ్’ అని రికార్డులో పడుతుంది.

ప్రాజెక్టు తేవడం సేల్స్ వాళ్ల పని. అది రాకపోతే తప్పు నాది ఎట్లయితది?

కోర్టు_మెట్లు

చట్టం గురించి తెలిసీ తెలియని మాటలు ఇక్కడ చాలా తిరుగుతుంటాయి కాబట్టి నాకు తెలిసినంత వరకు రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

మానేసిన తర్వాత ఫలానా కంపెనీలో చేరకూడదు అనే షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. 1872 నాటి చట్టం, మన కోర్టులు ఈ విషయంలో చాలావరకు గట్టిగానే ఉన్నాయి. 2022లో ఇన్ఫోసిస్ మీద పుణెకు చెందిన ఉద్యోగుల సంఘం నైట్స్ కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది ఇలాంటి షరతు గురించే. మానేశాక ఆరు నెలలపాటు, తాము పనిచేసిన క్లయింటు కోసం, టీసీఎస్, విప్రో, కాగ్నిజెంట్, యాక్సెంచర్, ఐబీఎం లాంటి కంపెనీల్లో చేరి పనిచేయకూడదని అందులో ఉంది. కంపెనీ ఏమందంటే ఇది వ్యాపారంలో మామూలే అంది.

బాండ్ సంగతి వేరే. ‘బాండ్లు చెల్లవు’ అని గుడ్డిగా నమ్మకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. ఉద్యోగంలో ఉండగా వర్తించే షరతు వేరు, వెళ్లాక కాళ్లు కట్టేసే షరతు వేరు అన్నది వాళ్ల తర్కం. అయితే అది ప్రభుత్వ రంగ బ్యాంకు, మళ్లీ నోటిఫికేషన్ వేసి పరీక్ష పెట్టి నియమించాల్సిన ఖర్చు ఉందని కోర్టు లెక్కలోకి తీసుకుంది. వారం రోజులు పీపీటీలు చూపించి ‘ట్రైనింగ్ ఖర్చు 3 లక్షలు’ అనే కంపెనీకి అదంతా వర్తిస్తుందా అంటే, వాళ్లు నిజంగా ఎంత ఖర్చుపెట్టారో చూపించాల్సి వస్తుంది.

ఇక అందరికీ ఉన్న భయం, ‘నోటీసు పూర్తి చేయకపోతే జైల్లో పెడతారా’ అన్నది. లేదు. మనిషిని బలవంతంగా ఉద్యోగం చేయించమని ఏ కోర్టూ ఆదేశించదు. మహా అయితే నోటీసు జీతం అడుగుతారు.

రాయదుర్గం మెట్రో గారు చెప్పింది అందుకే నిజం. కోర్టులో కంపెనీకి ఉన్న బలం చాలా తక్కువ. వాళ్లు అసలు కోర్టుకే వెళ్లరు. రిలీవింగ్ లెటర్ ఆపేస్తారు, అంతే. ఆ కాగితం కోసం మీరే పరిగెత్తుకుంటూ వెళ్లి డబ్బు కడతారు.

కేపీహెచ్‌బీ_పీజీ

బాండ్ అంటే గుర్తొచ్చింది. నా మొదటి కంపెనీ చాలా చిన్నది, పేరు చెప్పను. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు, టెన్త్ మెమో నుంచి బీటెక్ ప్రొవిజనల్ దాకా. వెరిఫికేషన్ అయిపోగానే ఇస్తామన్నారు. రెండేళ్లు ఇవ్వలేదు. మా నాన్న వచ్చి అడిగితే రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు గానీ లోపలికి రానివ్వలేదు.

జీతం గురించి ఎవరూ అనట్లేదేంటి? మా అన్నయ్య 2012లో క్యాంపస్‌లో చేరినప్పుడు ఏడాదికి మూడు లక్షల చిల్లర. ఇప్పుడు నా జూనియర్లకి పెద్ద సర్వీసు కంపెనీలు ఇస్తున్నది మూడున్నర. అప్పటి హాస్టల్ అద్దెకీ ఇప్పటి అద్దెకీ పోలికుందా?

హెచ్చార్_లో_ఉన్నా_సారీ

నేను టాలెంట్ అక్విజిషన్‌లో ఉంటాను. కాగితాల మీద ఇంత పట్టుదల ఎందుకో నేను చెప్తా, ఎవరికీ నచ్చదు.

అమీర్‌పేటలో కోర్సుతో పాటు మూడేళ్ల అనుభవం కూడా దొరుకుతుంది. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్ ఎత్తి ‘అవునండి, మా దగ్గరే చేశాడు, మంచి కుర్రాడు’ అని చెప్పే మనిషితో సహా ప్యాకేజీ. ఇంటర్వ్యూలో ఒకడు మాట్లాడతాడు, జాయినింగ్‌కి ఇంకొకడు వస్తాడు. వీడియో కాల్‌లో పెదాలు ఒక తీరు, మాట ఇంకో తీరు. హైదరాబాద్ ప్రొఫైల్ అనగానే మా బెంగళూరు ఆఫీసులో కనుబొమలు లేస్తాయి, నాకు ఎంత చిన్నతనంగా ఉంటుందో మీకేం తెలుసు. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ 2006లోనే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ పెట్టి వేలిముద్రలతో సహా వివరాలు తీసుకోవడం మొదలుపెట్టింది ఊరికే కాదు.

నిజంగా పనిచేసినవాళ్లు ఈ మోసగాళ్ల వల్ల బలవుతున్నారు. మీ కోపం అటు కూడా చూపించండి.

రాయదుర్గం_మెట్రో

ఒప్పుకుంటా, ఆ దందా నిజమే. కానీ మేడం, ఒక మనిషి ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశాడో పీఎఫ్ ఖాతాలో నెలనెలా పడే డబ్బే చెప్తుంది కదా. యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరు, మనిషికి ఒకటే, సర్వీస్ హిస్టరీ ఆన్‌లైన్‌లో ఉంటుంది. రెండు ఉద్యోగాలు చేసేవాళ్లని మీరు పట్టుకునేది కూడా అక్కడే. ఒకేసారి పోటీ కంపెనీలకి పనిచేస్తున్నారని విప్రో 2022లో 300 మందిని తీసేసినట్టు ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ స్వయంగా చెప్పారు. రెండో ఉద్యోగం చేసేవాణ్ణి పట్టుకోవడానికి పనికొచ్చే రికార్డు, మొదటి ఉద్యోగం నిజమేనని నమ్మడానికి పనికిరాదా? మళ్లీ పాత మేనేజర్ సంతకం ఉన్న కాగితం ఎందుకు అడుగుతున్నారు? పాత మేనేజర్‌కి ఆ అధికారం మిగలాలనే కదా. రేపు మీ దగ్గర మానేసేవాడి మీద మీకూ అదే అధికారం కావాలి. కంపెనీలు ఒకరి గేటుకి ఇంకొకరు కాపలా కాస్తున్నారు.

డల్లాస్_డాబా

గేటు అన్నారు కాబట్టి అమెరికా సంగతి చెప్తా. ఇక్కడ రెండు వారాల నోటీసు మర్యాద కోసం ఇచ్చేదే. కాలిఫోర్నియాలో అయితే పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు 1872 నుంచీ చెల్లదు. సిలికాన్ వ్యాలీ అంతగా ఎదగడానికి అదో కారణమని చాలామంది అంటారు. అక్కడ మానేసి పక్క వీధిలో కంపెనీ పెట్టుకోవచ్చు.

మరి ఓనర్లు ఊరుకున్నారా? ఉద్యోగిని కట్టేయడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి వాళ్లలో వాళ్లే ఒప్పందం చేసుకున్నారు, మీ వాళ్లకి మేం ఫోన్ చేయం, మా వాళ్లకి మీరు చేయొద్దు అని. యాపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ, ఇంట్యూట్, పిక్సార్. 2010లో న్యాయశాఖ కేసు పెట్టాక బయటపడింది. 2007లో గూగుల్ రిక్రూటర్ ఒకరు యాపిల్ ఇంజనీరుకి మెయిల్ పంపితే, యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ అప్పటి గూగుల్ సీఈఓ ఎరిక్ ష్మిట్‌కి ఫిర్యాదు చేశాడు, గూగుల్ ఆ రిక్రూటర్‌ని ఉద్యోగంలోంచి తీసేస్తున్నామని జవాబిచ్చింది. ఆ జవాబుని జాబ్స్ తన హెచ్చార్‌కి పంపిస్తూ ఒక నవ్వు మొహం పెట్టాడు. అంతే, ఒక్క నవ్వు మొహం. దాదాపు 64,000 మంది ఉద్యోగుల తరఫున దావా నడిచింది. 32.45 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంటామంటే జడ్జి లూసీ కో చాలదని కొట్టేసింది, చివరికి 2015లో 41.5 కోట్లకి ముగిసింది. మనిషికి వచ్చింది కొన్ని వేల డాలర్లే. అందులో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించండి, వాళ్లకి తెలియకుండానే ఏళ్ల తరబడి రావాల్సిన జీతం హైకులు రాలేదు.

అక్కడ చదువుకున్న పెద్దమనుషుల పద్ధతి అది. హెచ్1బీ వాళ్లకి ఆ శ్రమ కూడా అక్కర్లేదు. ఉద్యోగం పోతే 60 రోజులు, ఆలోపు ఇంకొకడు వీసా ఫైల్ చేయకపోతే సామాను సర్దుకోవాలి. పిల్ల బడిలో ఉంటుంది, ఇంటి లీజు ఉంటుంది. ఇక మన కన్సల్టెన్సీలు, అంటే మన ఊరివాడే, మన కులపోడే, మన కాలేజీ సీనియరే నడిపేవి, మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని అగ్రిమెంటు రాయించుకుంటాయి. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు వచ్చాక ఇక్కడున్నవాళ్లు ఇంకా గట్టిగా కుర్చీ పట్టుకుని కూర్చున్నారు. మేనేజర్ ఏమన్నా నవ్వుతూ తలూపడమే.

పాతకాపు

డల్లాస్ గారు బాగా రాశారు, కానీ దాన్ని తెచ్చి మా 90 రోజులతో కలపడం అన్యాయం. అది దొంగతనంగా చేసింది, ఇది ఆఫర్ లెటర్‌లో రాసి మీ సంతకం తీసుకుని చేసింది. చదవకుండా సంతకం పెట్టమని ఎవరన్నారు?

కేపీహెచ్‌బీ_పీజీ

చదివితే ఏంటండి? ‘ఈ లైను కొట్టేయండి’ అంటే కొట్టేస్తారా? వెనకాల ఇంకో మూడువందల మంది కూర్చుని ఉన్నారు.

నైట్_క్యాబ్

నేను ఇంకో సంగతి చెప్తా, మగవాళ్లు ఎవరూ ఎత్తట్లేదు. ఆఫీసుకి రప్పించడం. 2024లో టీసీఎస్ హాజరుని వేరియబుల్ పేతో, అంటే జీతంలో పెరిగీ తగ్గే భాగంతో, ముడిపెట్టింది, 60 శాతం కంటే తక్కువ వస్తే ఆ క్వార్టర్ వేరియబుల్ సున్నా. మా కంపెనీలో సున్నా అనరు గానీ ‘విజిబిలిటీ తక్కువ’ అంటారు. కరోనా అప్పుడు ఇంట్లోంచే అర్ధరాత్రి దాకా చేశాం, పని ఆగలేదు. ఇప్పుడు కొండాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి వానాకాలంలో గంటన్నర. వెళ్లి అక్కడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చికాగో వాళ్లతో కాల్ మాట్లాడి రావాలి. పక్క సీటులో ఉన్నవాడి టీము వేరు, నా టీములో ముగ్గురు చెన్నైలో ఉన్నారు. పిల్లలు పుట్టాక నా బ్యాచ్‌లో ఆడవాళ్లు ఇద్దరు మానేశారు. వాళ్లని ఎవరూ తీసేయలేదు, రాగలిగితే రమ్మన్నారు. ఈ రకంగా తగ్గిన మనుషులు లేఆఫ్ లెక్కలో ఎక్కడా కనబడరు.

గోదారోడు

అందరూ కంపెనీలనే అంటున్నారు, ప్రభుత్వాలనీ అనండి. విశాఖ రుషికొండ దగ్గర టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకి ఇస్తామని మన రాష్ట్రం 2025 ఏప్రిల్‌లో తీర్మానించింది, 12,000 ఉద్యోగాలు వస్తాయని. మూడు నెలలకి అదే కంపెనీ ప్రపంచం మొత్తం మీద దాదాపు 12,000 మందిని తగ్గిస్తున్నామని ప్రకటించింది. అంకె ఒకటే పడటం కాకతాళీయమే లెండి. నేను భూమి ఇవ్వడానికి వ్యతిరేకం కాదు, మా విశాఖకి ఐటీ రావాల్సిందే, బీటెక్ అవగానే హైదరాబాద్ బస్సెక్కడం తప్ప మా పిల్లలకి దారి లేదు. కానీ అంత అగ్గువకి ఇచ్చేటప్పుడు ‘మా దగ్గర నోటీసు 30 రోజులే, రిలీవింగ్ లెటర్ వారంలో ఇవ్వాలి, సర్టిఫికెట్లు పట్టుకోకూడదు’ అని ఒక్క షరతు పెట్టొచ్చు కదా. భూమి మనది, నీళ్లు మనవి. ఆ మాట అడిగే నాయకుడు ఏ పార్టీలోనూ కనబడడు. అడిగితే కంపెనీ పక్క రాష్ట్రానికి పోతుందని భయం.

అచ్చం మనకి మేనేజర్ అంటే ఉన్న భయమే.

హెచ్చార్_లో_ఉన్నా_సారీ

యూనియన్ పెట్టుకోండి మరి. బెంగళూరులో కిటు అనే ఐటీ ఉద్యోగుల సంఘం 2017 నుంచి ఉంది. 2024లో పనిదినాన్ని 14 గంటల దాకా పొడిగించే ప్రతిపాదన కర్ణాటకలో వస్తే రోడ్డెక్కారు, అది ఆగింది. హైదరాబాద్‌లో అంతమంది ఉద్యోగులున్నారు, ఆ స్థాయి సంఘం ఎందుకు లేదు?

రాయదుర్గం_మెట్రో

ఎందుకంటే మనం కార్మికులమని మనకి అనిపించదు. ఆర్టీసీ వాళ్లు సమ్మె చేస్తే ట్రాఫిక్ గురించి విసుక్కునే బ్యాచ్ మనది. ప్రతివాడూ ఇంకో రెండేళ్లలో ఆన్‌సైట్ వెళ్లేవాడే, మేనేజర్ అయ్యేవాడే, లేదా స్టార్టప్ పెట్టేవాడే. నలభై దాటాక ఒక శుక్రవారం హెచ్చార్ నుంచి క్యాలెండర్ ఇన్వైట్ వచ్చినప్పుడు మాత్రం లేబర్ కమిషనర్ ఆఫీసు ఎక్కడుందని గూగుల్‌లో వెతుకుతాడు.

కోర్టు_మెట్లు

ఆ వెతికేవాడికి ఒక ఆశ చెప్తాను. టీసీఎస్ 2015లో తీసేసిన ఒక ఉద్యోగి చెన్నై లేబర్ కోర్టుకి వెళ్లాడు. ఆయన మేనేజర్ స్థాయి, చట్టంలోని కార్మికుడి నిర్వచనంలోకి రాడని కంపెనీ వాదించింది. హోదా పేరు ఏదైనా చేసే పని సాంకేతిక పనేనని కోర్టు 2022లో ఆయన్ని జీతంతో సహా తిరిగి తీసుకోమంది. గెలిచాడు. ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లు ఇల్లు గడిపేదెలా అన్నదానికి నా దగ్గర సమాధానం లేదు.

బెంచి_మీద_బాలుడు

అన్నా, మధ్యలో వస్తున్నందుకు సారీ. ఇప్పుడే ఇన్వైట్ వచ్చింది, రేపు 11 గంటలకి, సబ్జెక్టు ‘కనెక్ట్’. నాతో బెంచిలో ఉన్న ఇంకో అబ్బాయికి నిన్న ఇదే వచ్చింది. రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం, మూడు నెలల జీతం ఇస్తాం, లేదంటే టెర్మినేషన్ అని రాస్తాం అన్నారట. గదిలోంచి బయటికి రాకముందే పోర్టల్‌లో సబ్మిట్ కొట్టించారు. ఫోన్ బయట పెట్టమన్నారు. నేనేం చేయాలి?

పాతకాపు

తమ్ముడూ, నేను అవతలి కుర్చీలో కూర్చునేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. అక్కడికక్కడే సబ్మిట్ కొట్టాలన్న రూలేమీ లేదు. హెచ్చార్‌కి కూడా నెల టార్గెట్ ఉంటుంది, అందుకే తొందరపెడతారు. మొదట చెప్పే మూడు నెలలు వాళ్ల ఆఖరి మాట కాదు, అడిగినవాడికి ఎక్కువ ఇచ్చిన సందర్భాలు నా కళ్లముందే ఉన్నాయి. గొంతు పెంచకు, సరే అనకు.

కోర్టు_మెట్లు

పాతకాపు గారు చెప్పింది చేయండి. దానికి తోడు ఇవి.

ఈ రాత్రికే పేస్లిప్పులు, అప్రైజల్ లెటర్లు, ఆఫర్ లెటర్, మీ హెచ్చార్ పోర్టల్‌లో మీ సొంత కాగితాలు ఏమున్నాయో అన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. కంపెనీ కోడ్, క్లయింటు ఫైళ్లు మాత్రం ముట్టుకోకండి, అదొక్కటి దొరికితే చాలు వాళ్లకి. రేపు సాయంత్రానికి మీ లాగిన్ ఉండకపోవచ్చు. మీటింగులో ఏమన్నారో బయటికి రాగానే మెయిల్‌గా రాసి వాళ్లకే పంపండి, ‘ఈరోజు 11 గంటలకి నన్ను రాజీనామా చేయమన్నారు, ఆలోచించుకోవడానికి సమయం కావాలన్నాను’ అని, మామూలు భాషలో. రాజీనామాలో ‘స్వచ్ఛందంగా’, ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని మీ చేత్తో మీరు రాస్తే, తర్వాత తీసేశారని చెప్పుకోవడం చాలా కష్టం. వాళ్లు తీసేస్తే, మీరు కార్మికుడి నిర్వచనంలోకి వస్తే, సర్వీసులో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం అడిగే హక్కు ఉంటుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, మీరు మానేసినా వాళ్లు తీసేసినా, రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి, 45 రోజులు ఆగమంటే ఆ మాట గుర్తుచేయండి. పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్ వాళ్లు వేయకపోయినా ఆఖరి జమ అయిన రెండు నెలలకి మీరే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు.

మీ సర్వీసు ఎన్నేళ్లు? ఐదు దగ్గర పడిందా? ఐదేళ్లు నిండితే ఇచ్చే గ్రాట్యుటీ కూడా చూడాలి.

బెంచి_మీద_బాలుడు

నాలుగేళ్ల తొమ్మిది నెలలు.

కోర్టు_మెట్లు

అయితే రేపు ఏ తేదీ కాగితం మీద పడుతుందన్నది చాలా ముఖ్యం. నోటీసు జీతం ఇచ్చి పంపించేస్తామంటే వద్దనండి, 90 రోజుల నోటీసు పీరియడ్ పనిచేస్తానని మెయిల్ పెట్టండి, దాంతో ఐదేళ్లకి దగ్గరవుతారు. ఆఫర్ లెటర్‌లో ఆ క్లాజు ఫొటో తీసి, కంపెనీ పేరు చెరిపేసి, నాకు మెసేజ్ చేయండి, ఇప్పుడే చూస్తా.